ఒక హోటల్ యూనిఫాం, మూడు కాన్సెప్టులు, ఒక నిమ్మచెక్క

నాకు వచ్చిన బ్రీఫ్, అంటే క్లయింటు తనకేం కావాలో చెప్పేది, మొత్తం వాట్సాప్‌లో నాలుగు ముక్కలు. "హైదరాబాద్‌లో కొత్త హోటల్. సిబ్బంది 110 మంది. పోచంపల్లి కావాలి, కానీ పాతగా కనిపించకూడదు. 75 రోజుల్లో ప్రారంభం." కింద ఒక ఫొటో: 2023 డిసెంబరులో ఎయిరిండియా బయటపెట్టిన కొత్త యూనిఫాంలది, మనీష్ మల్హోత్రా రూపొందించినవి. దాని కింద "మాకూ ఇలాంటి పేరు రావాలి" అని ఒక వాక్యం.

పదహారేళ్లుగా బట్టల డిజైన్ పనిలో ఉన్నాను. పెళ్లి బట్టల పని వేరు, యూనిఫాం పని వేరు అని ఇప్పటికీ కొందరు క్లయింట్లకు చెప్పుకోవాల్సి వస్తుంది. పెళ్లి చీర కట్టుకునే మనిషే దాన్ని ఎంచుకుంటుంది, ఒక పూట కట్టుకుంటుంది, బీరువాలో పెడుతుంది. యూనిఫాంకు డబ్బు పెట్టేది ఒకరు, బాగుందో లేదో చెప్పేది ఇంకొకరు, వేసుకుని తొమ్మిది గంటలు వంగి లేచేది మూడో మనిషి, ఉతికేది నాలుగో మనిషి. ఆ వాట్సాప్ సందేశంలో మొదటి ఇద్దరే ఉన్నారు.

మిగతా ఇద్దరి కోసం, పెన్సిలు పట్టకముందే వాళ్ల పాత హోటల్‌లో ఒక రోజు గడుపుతానని అడిగాను. "యూనిఫాం కొత్త హోటల్‌కు కదా మేడమ్?" అన్నారు జనరల్ మేనేజరు. అయినా ఒప్పుకున్నారు.

హౌస్‌కీపింగ్‌లో పనిచేసే ఒకావిడ వెనకాలే నాలుగో అంతస్తులో తిరిగాను. ఒక గది సర్దేలోపు ఆమె 31 సార్లు వంగింది. దుప్పటి దులిపేటప్పుడు రెండు చేతులూ తల పైదాకా వెళ్తాయి, అప్పుడు కుర్తా నడుము మీదికి లేస్తుంది, ఆమె ప్రతిసారీ దించుకుంటుంది. మెడలోని తాళం కార్డు వంగినప్పుడల్లా పరుపుకు తగిలి ఊగుతోంది. చున్నీని నడుముకు బిగించి కట్టుకుంది. ఇవన్నీ ఎక్కడైనా చూసేవే. నేను ఆగిపోయింది వేరే చోట. ఆమె చేయి పైకెత్తినప్పుడు చంక కింద కుట్టు కనిపించింది: నీలం బట్ట మీద నల్లదారం. పాత కుట్టు తెగిపోతే ఇంట్లో ఉన్న దారంతో తనే కుట్టుకుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర మిగతావాళ్లను అడిగాను. పదకొండు మందిలో ఎనిమిది మందికి సరిగ్గా అక్కడే తెగింది.

ఆ రోజు సాయంత్రం లాండ్రీకి వెళ్లాను. దుప్పట్లు, తువ్వాళ్లు 70 డిగ్రీల్లో, క్లోరిన్‌తో. యూనిఫాంలు వేరుగా, 60 డిగ్రీల్లో, క్లోరిన్ లేకుండా. కాగితం మీద అదీ పద్ధతి. "రద్దీలో ఎవరు వేరు చేస్తారమ్మా?" అన్నాడు అక్కడి పెద్దాయన నవ్వుతూ. ఆ మాటను పుస్తకంలో రాసుకున్నాను గానీ దాని కింద గీత గీయలేదు. గీయాల్సింది.

బడ్జెట్ ఎంతో చెప్పించుకోవడానికి మూడు ఫోన్లు పట్టాయి. "ముందు డిజైన్ చూద్దాం, తర్వాత మాట్లాడుకుందాం" అనే మాట ఈ వృత్తిలో ఖరీదైన మాట. ఆ మాట నమ్మి పని మొదలుపెడితే గీసిన బొమ్మల్లో సగం చెత్తబుట్టలోకి పోతాయి. చివరికి కొనుగోళ్ల మేనేజరు చెప్పారు: సెట్‌కు 1,800 రూపాయలు, కుట్టుకూలితో సహా. మనిషికి మూడు సెట్లు, అంటే 330.

ఇక కాన్సెప్టులు. ఎన్ని చూపించాలన్నది అందరూ అడిగే ప్రశ్న. నేను మూడుకు మించి చూపించను. ఆ మూడూ ఒకదానికొకటి అన్నదమ్ముల్లా ఉండకూడదు. ఒకే కుర్తాను మూడు రంగుల్లో చూపించి మూడు కాన్సెప్టులు అనేవారున్నారు. క్లయింటు అక్కడ రంగును ఎంచుకుంటున్నాడు, అంతే. ఒక కాన్సెప్టు నిలబడుతుందో లేదో తేల్చుకోవడానికి నేను పెట్టే పరీక్ష చిన్నది: గుండీ ఎలా ఉండాలి అని దాన్ని అడుగుతాను. జవాబు రాకపోతే నా దగ్గర ఉన్నది కాన్సెప్టు కాదు, అందమైన ఫొటోల అతుకులబొంత.

మొదటిది "చిటికి". క్లయింటు అడిగినదే, అడిగినట్టే. పై వస్త్రమంతా పోచంపల్లి ఇక్కత్, ముదురు ఎరుపు మీద తెలుపు. పోచంపల్లి వైపు నేతగాళ్లు నేయకముందే, రంగు తగలకూడని చోట నూలుకు ముడులు వేసే పనిని చిటికి కట్టడం అంటారు, పేరు అక్కడి నుంచే.

రెండోది "రాయి". హైదరాబాద్ అంటే అందరూ చార్మినార్ దగ్గర మొదలుపెడతారు. నాకు ఈ ఊరు గుర్తొస్తే ముందు బండలే కనిపిస్తాయి. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, దుర్గం చెరువు ఒడ్డున, ఖాజాగూడ గుట్టల మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఉంటుంది. రెండు ఉదయాలు వెళ్లి ఫొటోలు తీశాను. దూరం నుంచి బూడిదరంగే. దగ్గరికి వెళ్తే అందులో గులాబీ ఉంది, వాన కారిన చోట తుప్పు చార ఉంది, రాయిని అడ్డంగా చీల్చుకుంటూ పోయే తెల్లటి పలుగురాయి గీత ఉంది. బట్ట మంగళగిరి నూలు: ఒంటిమీద బొమ్మ ఉండదు, నేత దట్టంగా ఉంటుంది, ఎన్ని ఉతుకులకైనా నిలబడుతుంది. గుండీ మెరవకూడదు. ఇక్కత్‌ను చేతి మడత లోపలి వైపు మాత్రమే పెట్టాను. చేయి మడిస్తే కనిపిస్తుంది. చాలా నాజూకైన ఆలోచన అనుకున్నాను.

మూడోది "అద్దకం", నా ముద్దుబిడ్డ. రెస్టారెంటు సిబ్బందికి పెడన అచ్చు కలంకారీ జాకెట్లు, కరక్కాయ నీళ్లలో నానిన బట్ట, కసిం నలుపు, పటిక ఎరుపు, కొబ్బరిచిప్ప గుండీలు. బొమ్మలు, గుడ్డముక్కలు అంటించిన బోర్డు మీద చూస్తే కడుపు నిండిపోయేది.

బోర్డుల సంగతి వచ్చింది కాబట్టి ఒక తప్పు ఒప్పుకోవాలి. ఫ్యాషన్ బొమ్మలో మనిషి ఎత్తు తొమ్మిది తలలు. మామూలు మనిషి ఏడున్నర తలలు ఉంటే ఎక్కువ. మా జూనియర్ అలవాటుగా తొమ్మిది తలల బొమ్మలు వేసింది, కాళ్లు కొంగ కాళ్లలా, బాగున్నాయని నేనూ ఊరుకున్నాను. వాటిని ముందుగా చూసిన హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు అడిగిన మొదటి ప్రశ్న: "ఈ అమ్మాయి ఎవరు మేడమ్? మా దగ్గర ఇలాంటివాళ్లు ఎవరూ లేరు." ఆ రాత్రి బొమ్మలన్నీ ఏడున్నర తలలకు మార్చి, నడుములు వెడల్పు చేసి, చెప్పులు తొడిగి మళ్లీ గీశాం. రెండో కాన్సెప్టు అలా గీసిన తర్వాతే బాగా కనిపించింది. మొదటిది కొంచెం బరువెక్కింది. బొమ్మ మనుషుల్లా మారేసరికి బట్ట గుణం బయటపడింది.

ప్రెజెంటేషన్ రోజు బల్ల చుట్టూ ఆరుగురు: యజమాని, ఆయన కూతురు, జనరల్ మేనేజరు, కొనుగోళ్ల మేనేజరు, రెస్టారెంటు మేనేజరు, నేను పట్టుబట్టి పిలిపించిన హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు. ల్యాప్‌టాప్ తెరవలేదు. తెర మీద రంగు అబద్ధమాడుతుంది. రెండంగుళాల గుడ్డముక్క కూడా అంతే. ఇక్కత్‌లో బొమ్మ ఒక్కసారైనా పూర్తిగా తిరిగేంత ముక్క ఉండాలి. అందుకే ప్రతి బట్టా కనీసం అరమీటరు తెచ్చాను.

క్లయింటు అడిగినదాన్ని ముందు చూపిస్తాను, ఎప్పుడూ. చివరికి దాచిపెడితే మిగతావి చూస్తున్నంతసేపూ వాళ్ల మనసు దాని మీదే ఉంటుంది. "చిటికి" బట్ట పరచగానే యజమాని కుర్చీలోంచి లేచారు. "ఇదే!" అన్నారు. నేను లెక్క కాగితం తీశాను.

ఇక్కత్‌ను కోసేటప్పుడు ముందు పట్టీ దగ్గర రెండు వైపులా బొమ్మ కలవాలి, లేకపోతే పళ్లు ఊడినట్టు ఉంటుంది. అలా కలపడానికి ఒక్కో వస్త్రానికి మూడు మీటర్లు పడుతుంది. 330కి 990 మీటర్లు. మా నేతగారు మగ్గానికి రోజుకు నాలుగు మీటర్లు అన్నారు, అంటే దాదాపు 248 మగ్గం రోజులు. ఆయన చేతిలో ఉన్నవి ఆరు మగ్గాలు, అంటే నేతకే 41 రోజులు. అంతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి ఆసు పోయాలి, చిటికి కట్టాలి, ముంచాలి, విప్పాలి, ఇంకో రంగు కోసం మళ్లీ కట్టాలి. అది మూడు వారాలు. (ఆసు పోయడానికి ఒకప్పుడు ఆడవాళ్లు రోజుకు వేలసార్లు చేయి ఊపేవారు. తల్లి భుజం నొప్పి చూడలేక లక్ష్మి ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశంగారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం లేకపోతే నా మూడు వారాల లెక్క ఇంకా పెరిగేది.) మొత్తం 62 రోజులు. కటింగ్‌కు, కుట్టుకు, కొలతలు సరిచేయడానికి మిగిలేది 13 రోజులు. ధర కూడా చెప్పాను: మీటరు 420 చొప్పున బట్టకే 1,260, కుట్టుకూలి 450, ప్యాంటు 600, ముందస్తు ఉతుకు 60, మొత్తం 2,370.

"ఇక్కత్ ప్రింటు దొరుకుతుంది కదా, మీటరు వందకు" అన్నారు కొనుగోళ్ల మేనేజరు. ఇది వస్తుందని తెలుసు, ఆ ముక్క కూడా సంచీలో ఉంది. రెండింటినీ పక్కపక్కన పరిచి తిరగేశాను. ప్రింటు వెనక వెలవెలబోయింది. ఇక్కత్‌లో నూలుకే ముందు రంగు పడుతుంది కాబట్టి రెండు వైపులా ఒకటే. బొమ్మ అంచు కూడా గీత గీసినట్టు ఉండదు, నూలు కాస్త జరిగి ఈకలా చెదురుతుంది. "లాబీలో పోచంపల్లి అని బోర్డు పెడతామన్నారు. 2005లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ బోర్డు కింద ఈ ప్రింటు వేసుకున్న మనిషిని నిలబెడతారా?" అని అడిగాను. యజమాని ప్రింటు ముక్కను వేలితో పక్కకు తోశారు. ప్రింటు సంగతి అక్కడితో పోయింది. 2,370 మాత్రం బల్ల మీదే ఉంది.

రెండోది తర్వాత చెబుతాను, మూడోది ముందు పోయింది కాబట్టి దాని కథ ముందు. కలంకారీ జాకెట్టు బట్టను రెస్టారెంటు మేనేజరు చేతిలో పెట్టాను. ఆయన మౌనంగా తిప్పి చూశారు. మా ముందు లెమన్ టీ కప్పులున్నాయి, సాసరులో నిమ్మచెక్కలు. ఒక చెక్క తీసుకుని నల్లటి పువ్వు మీద రెండు చుక్కలు పిండారు. "ఎందుకో చూద్దామని" అన్నారు. ఐదు నిమిషాల్లో ఆ చోట నలుపు కరిగి గోధుమరంగు మచ్చ తేలింది. "మా వంటగదిలో రోజూ బస్తాల కొద్దీ నిమ్మకాయలు కోస్తారండీ" అన్నారాయన, నా ముఖం చూసి కాస్త ఇబ్బందిగా.

కసిం అంటే ఇనుప ముక్కలు బెల్లంనీళ్లలో నానబెట్టి పులియబెట్టిన రసం. కరక్కాయలోని వగరుతో ఇనుము కలిసి నలుపు అవుతుంది. పులుపు తగిలితే ఆ కలయిక విడిపోతుంది. ఇదేమీ రహస్యం కాదు, అద్దకం పని చేసేవాళ్లందరికీ తెలుసు, నాకూ తెలుసు. సాంబారు, రసం, నిమ్మరసం మధ్య తిరిగే మనిషికి ఆ బట్ట తొడుగుతున్నానన్నది మాత్రం నాకు తట్టలేదు. ఆయన నిమ్మచెక్క పిండకపోతే ఆ జాకెట్లు ప్రారంభోత్సవం నాటికి మచ్చలతో ఉండేవి.

మిగిలింది "రాయి". బట్ట పరిచాను, బండల ఫొటోలు పక్కన పెట్టాను. ఎవరూ లేవలేదు. "చాలా సాదాగా ఉంది ఆంటీ" అంది యజమాని కూతురు, నిజాయితీగా. యజమాని చేతి మడత తిప్పి లోపలి ఇక్కత్ చూశారు. "దీన్ని లోపల దాచడానికా నేను డబ్బు పెట్టేది?" అన్నారు. నవ్వు వచ్చింది అందరికీ, నాకు కూడా, కొంచెం ఆలస్యంగా. ఆయన మాటలో న్యాయం ఉంది.

ఆ కాన్సెప్టుకు మాత్రం నేను ఒక కుర్తా కుట్టించి తెచ్చాను. పాత హోటల్‌లో నేను వెంట తిరిగిన ఆవిడ కొలతలకు. నలభై రెండేళ్లుగా కత్తెర పట్టిన మా కటింగ్ మాస్టరుకు ఆ నల్లదారం కుట్టు సంగతి చెబితే వెంటనే, "చంక కింద నలుచదరపు ముక్క వేద్దామమ్మా. పాతకాలం జుబ్బాలకు వేసేవాళ్లం. చేయి ఎత్తితే బట్ట మనిషితోపాటు లేవకుండా అది సాగుతుంది" అన్నారు. మూడున్నర అంగుళాల ముక్క, మూలవాటుగా వేశాం. పక్క కుట్టులో తాళం కార్డుకు జేబు. చున్నీ తీసేశాం, దాని బదులు ముందు భాగంలో రెండో పొర బట్ట.

పక్క గదిలో మంచం ఉంది. ఆవిడను పిలిపించాం. "మామూలుగా ఎలా సర్దుతారో అలాగే సర్దండి" అన్నాను. యజమాని గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ మొదట సిగ్గుపడింది, తర్వాత దుప్పటి చేతిలోకి రాగానే మమ్మల్ని మరచిపోయింది. రెండు చేతులూ పైకెత్తి దులిపింది. కుర్తా నడుము దగ్గర కదల్లేదు. వంగి పరుపు మూల ఎత్తి దుప్పటి దోపింది. తాళం కార్డు జేబులోనే ఉంది. పని అయ్యాక తన కుర్తా దించుకోవడానికి అలవాటుగా చేయి వెళ్లింది, దించుకోవడానికి ఏమీ లేక చేయి అక్కడే ఆగిపోయింది. ఆ ఆగిన చేతిని యజమాని చూశారు.

నిర్ణయం ఆ రోజు రాలేదు. మూడు రోజుల తర్వాత ఫోను: "మొదటి దాని ఇక్కత్, రెండో దాని రంగులు, మూడో దానిలా కొంచెం పువ్వులు." ప్రతి ప్రాజెక్టులోనూ ఈ ఫోను వస్తుంది. చాలామంది దీనికి చిరాకుపడతారు, నేనూ ఒకప్పుడు పడేదాన్ని. ఇప్పుడు ఆ మాటల్లో ఏది కోరిక, ఏది మొహమాటమో వేరు చేస్తాను. పువ్వులు కూతురి మనసు నొచ్చకుండా అన్న మాట. ఇక్కత్ మాత్రం అసలు కోరిక, మొదటి సందేశం నుంచీ ఉన్నది. దాన్ని చేతి మడతలో దాచి నేనే బ్రీఫ్‌ను తప్పాను.

మళ్లీ బండల ఫొటోలు ముందేసుకున్నాను. జవాబు అక్కడే ఉంది: రాయిని చీల్చుకుంటూ పోయే ఆ తెల్లటి గీత. ఇక్కత్‌ను మెడ నుంచి కిందిదాకా ముందు పట్టీగా, నిటారుగా ఒకే చారలా పెట్టాను, చేతి అంచుకు ఇంకో చిన్న ముక్క. ఒక మీటరు ఇక్కత్ ఆరు కుర్తాలకు సరిపోతుంది. 990 మీటర్లు కాస్తా 55 మీటర్లయింది. ధర: మంగళగిరి రెండున్నర మీటర్లు 575, ఇక్కత్ 70, కుట్టు 450, ప్యాంటు 600, ముందస్తు ఉతుకు 60. మొత్తం 1,755. ఈసారి బోర్డు కూడా లేదు. కుర్తా, లెక్క కాగితం, ఒక బండ ఫొటో. పది నిమిషాల్లో సంతకం అయింది.

సంతకం తర్వాత పని గురించి క్లుప్తంగా. చేనేత బట్ట మిల్లు బట్టలా ముందే కుదించి రాదు. నమూనా ముక్క ఉతికితే పడుగు వైపు, అంటే పొడవులో, నాలుగు శాతం తగ్గింది. నలభై అంగుళాల కుర్తాకు అది అంగుళంన్నర పైనే. అందుకే తానులన్నీ ముందే తడిపి ఆరబెట్టి కోశాం.

అసలు భయం వేరే చోట ఎదురైంది. ముదురు ఎరుపు ఇక్కత్ పట్టీ కుట్టిన బూడిదరంగు నమూనాను 60 డిగ్రీల్లో ఉతికితే పట్టీకి రెండు పక్కలా గులాబీ మరక దిగింది. నేతగారికి ఫోను చేస్తే ఆయన మొదట నమ్మలేదు, బస్సెక్కి వచ్చి చూశారు. నూలుకు పట్టని రంగును మరిగే సబ్బునీళ్లలో తీసేయాలి. తొందరలో ఆ ఉతుకు ఒక్కసారితో సరిపెట్టారు. మళ్లీ మూడుసార్లు సబ్బు పెట్టారు, ఎరుపును కూడా తుప్పురంగు వైపు జరిపాం. బండ మీది వాన చార రంగు అదే కాబట్టి కాన్సెప్టుకు నష్టం లేదు, నిజానికి మెరుగైంది. పది ఉతుకుల తర్వాత కూడా పక్క బట్ట మీద మరక పడలేదు.

ప్రారంభోత్సవానికి నాలుగు రోజుల ముందు 330 సెట్లూ ఇచ్చాం. ఉతుకు సూచనలు తెలుగులో, హిందీలో అచ్చువేసి లాండ్రీ గోడకు అంటించాం. యూనిఫాంలకు వేరుగా బూడిదరంగు సంచులు కుట్టి ఇచ్చాం.

నెలన్నరకు జనరల్ మేనేజరు నుంచి ఫోను, గొంతులో కోపం: "రంగులు పోయాయి మేడమ్." తొమ్మిది కుర్తాలు మా వర్క్‌షాపుకు పంపారు. బల్ల మీద పరచగానే అర్థమైంది. బూడిదరంగు అక్కడక్కడ పసుపు తిరిగిన తెలుపైంది, ఇక్కత్ పట్టీ పాలిపోయింది. దుప్పట్లతోపాటు క్లోరిన్‌లో పడ్డాయి. "రద్దీలో ఎవరు వేరు చేస్తారమ్మా" అన్న పెద్దాయన మాట ఆ రోజు పుస్తకంలో మళ్లీ వెతుక్కుని చదివాను. బూడిదరంగు సంచి రద్దీలో దుప్పట్ల తెల్లసంచి లాగే కనిపిస్తుందట. ఇప్పుడు నారింజరంగు సంచులు పంపాం.

మా మాస్టరు ఆ తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా లోపలి వైపుకు తిప్పి చంక కింద చూశారు. ఒక్క కుట్టూ తెగలేదు. కొత్తవి తొమ్మిది కుట్టి పంపాం, ఖర్చు సగం వాళ్లది, సగం మాది.